రాజు సైన్యంలో ఒకడు తగ్గాడు

ఇరాన్ రాజు సింహాసనం పోవడంలో నా చెయ్యి ఉందని చాలా ఏళ్లు చెప్పుకుంటూ తిరిగాను. పుట్టినరోజు పార్టీల్లో చెప్పాను, చర్చి భోజనాల్లో చెప్పాను, ఒకసారి పళ్ల డాక్టరు నా నోట్లో అద్దం పెట్టి ఉండగా కూడా చెప్పబోయాను. ఇప్పుడు వినేవాళ్లు తగ్గారు కాబట్టి నిజం రాస్తున్నాను. ఆ రాజుగారి సైన్యంలో ఒక్క సైనికుడు తగ్గాడు. ఆ తగ్గడంలో నా పాత్ర కొంత ఉంది. ఆ కొంతలోనూ సగం మా హైదరాబాదు మిత్రుడిది.

డెబ్బైల చివర జెర్సీ సిటీలో ఒక పాత ఇటుకల బిల్డింగులో ఉండేవాళ్లం, నేనూ మా ఆవిడా. రెండు వీధుల అవతల హైదరాబాదు మిత్రుడు. మా పై అంతస్తులో ఇరాన్ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన. ముగ్గురం ఒకే ఆఫీసులో రిఫైనరీలకు పైపుల డ్రాయింగులు గీసేవాళ్లం. పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని ఒకే కారులో వెళ్లేవాళ్లం. కారు నాది. పడవంత స్టేషన్ వ్యాగన్, లోపల పెళ్లి చేయొచ్చు అనేవాణ్ని. దాని వెనక తలుపు తాడుతో కట్టి ఉండేదన్న సంగతి మాత్రం చెప్పేవాణ్ని కాదు.

ఇరానీ మొదటిరోజు నా పక్క సీట్లో కూర్చున్నాడు. కొత్త మనిషి కదా, మర్యాదగా పలకరించాను. మీది ఏ ఊరు, నాన్నగారేం చేస్తారు, పోయారా పాపం, అమ్మగారు ఎవరి దగ్గర ఉంటున్నారు, అన్నదమ్ములెందరు, తమ్ముడేం చేస్తున్నాడు, మిలిటరీలోనా, ఏ ఊళ్లో, జీతమెంత. హోలాండ్ టన్నెల్ వైపు దారి చీలే చోటికి వచ్చేసరికి ఆయన జవాబులు తగ్గాయి. టర్న్‌పైక్ హైవే ఎక్కేసరికి ఆగిపోయాయి. మర్నాటి నుంచి వెనక సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు, నా అద్దంలో కనిపించని మూల చూసుకుని.

"వీని మీద నాకు డౌట్ ఉంది అన్నా," అన్నాడు హైదరాబాదు మిత్రుడు, ఆ సాయంత్రం ఇరానీ మా బిల్డింగు ముందు దిగిపోయాక. "ఒక్క మాట మాట్లాడడు. మనం మాట్లాడితే మాత్రం చెవులు ఇట్ల పెడ్తడు. రాజు మనిషేమో."

ఆ రాజుకు రహస్య పోలీసులుండేవారని, అమెరికాలో చదువుకునే కుర్రాళ్ల మధ్య కూడా వాళ్ల మనుషులు తిరుగుతారని అప్పట్లో అందరూ అనుకునేవారు. ఇక నా కళ్లకు అన్నీ ఆనవాళ్లే. పోస్టు డబ్బా మీద ఆయన పేరు లేదు. పేపరు హెడ్‌లైను లోపలికి వచ్చేలా మడిచి పట్టుకుంటాడు. రేడియోలో ఇరాన్ మాట వస్తే కిటికీలోకి చూస్తాడు. మనం ఏదైనా చెబితే, "అది మీకు ఎవరు చెప్పారు?" అంటాడు. మామూలు మనిషికి ఆ ప్రశ్న ఎందుకు?

ఆయన నోరు విప్పించాలని నేనొక ఎత్తు వేశాను. రాజుల గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయినప్పుడు నేను హైదరాబాదులో రోడ్డు పక్కనే నిలబడి చూశానని చెప్పాను. టాంకులు వచ్చాయి, సేనాధిపతి గుర్రం దిగాడు, నడుముకున్న కత్తి తీసి అప్పగించాడు. వారం వారం ఆ కత్తి పొడవు పెరుగుతూ వచ్చింది. పిడికి కెంపులు కూడా పొదిగాను. నిజానికి అప్పుడు నేను బెజవాడలో నిక్కర్ల కుర్రాణ్ని. నిజాం రాజ్యం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు మా బడి గదుల్లో పడుకునేవారు, మాకు సెలవులిచ్చారు, ఆ సెలవులకు నేను సంతోషించాను. నేను చూసిన యుద్ధం అంతే. హైదరాబాదు మిత్రుడు నిజంగా అక్కడే ఉన్నవాడు. అయినా వెనక కూర్చుని ఒక్కసారి కూడా నన్ను కాదనలేదు. దిగేటప్పుడు మాత్రం, "రేపు ఏనుగు కూడా వస్తదా అన్నా?" అనేవాడు.

ఆ శరదృతువులో టెహ్రాను వీధులు రోజూ టీవీలో కనిపించేవి. సమ్మెలు, ఊరేగింపులు, కాల్పులు. ఆఫీసులో అందరూ పండితులే. చమురు డబ్బు తలకెక్కిందని ఒకడు, మతగురువుల మాటే నెగ్గుతుందని ఒకడు, అమెరికా ఉన్నంతకాలం ఆయన్ని ఎవరూ కదపలేరని మా సెక్షన్ హెడ్డు. ఇరానీ మాత్రం పెన్సిలు చెక్కుకుంటూ ఉండేవాడు. అంత బాగా చెక్కిన పెన్సిళ్లు నేనెక్కడా చూడలేదు.

జనవరిలో రాజు దేశం విడిచాడు. విశ్రాంతికి వెళ్తున్నాడు, మళ్లీ వస్తాడు అని చెప్పారు. సైన్యం మాత్రం ఇంకా ఆయన పేరు మీదే నిలబడి ఉంది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చున్నాం. హైదరాబాదు మిత్రుడు కూడా ఉన్నాడు, కోడికూర అంటే ఆయనకు పిలుపు అక్కర్లేదు. తలుపు కొట్టిన చప్పుడైంది. ఇరానీ. గడ్డం గీసుకోలేదు. లోపలికి రమ్మన్నా గడప దగ్గరే నిలబడ్డాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషు, నేను తెలుగులో రాస్తున్నాను.

"మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు?"

"మన సెక్షన్ హెడ్‌కి," అన్నాను.

"ఆఫీసు సంగతి కాదు. మొదటిరోజే మీరు మా ఊరు, మా నాన్న పని, తమ్ముడు సైన్యంలో ఎక్కడున్నాడో, జీతమెంతో, అన్నీ అడిగారు. తర్వాత రోజూ రాజుల పతనం గురించి మాట్లాడి నేనేమంటానో అని చూశారు. మా దేశంలో ఇలా అడిగే ఆఫీసు ఒక్కటే ఉంది."

హైదరాబాదు మిత్రుడి చేతిలో ముద్ద అలాగే ఆగింది. "అరే, మనం వీన్ని అనుకుంటున్నం, వీడు మనల్ని అనుకుంటున్నడా," అని గొణిగాడు.

మా వైపు కొత్తవాళ్లను అడగకపోతేనే తప్పు, అడగడమే మర్యాద అని చెప్పాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. నేను వివరించేకొద్దీ నిజం కూడా అబద్ధంలా వినిపిస్తున్నట్టు నాకే అనిపించింది. అప్పుడు మా ఆవిడ వంటింట్లో నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో మొదలుపెట్టింది.

"మదర్ అలోన్? వంట ఎవరు? షుగర్ ఉందా ఆవిడకి? చిన్నబ్బాయి వచ్చి చూసుకుంటాడా? రాత్రి తోడు ఎవరు పడుకుంటారు?"

"నువ్వు ఆగు," అన్నాను తెలుగులో.

"ఎందుకాగాలి? తల్లి గురించి అడిగితే తప్పేంటి? మనిషిని చూడండి, తిండి తిన్నట్టు లేదు," అంది, ప్లేటు పెడుతూ.

ఏ రహస్య పోలీసు శాఖలోనూ అలాంటి మనిషి ఉద్యోగం చేయలేదని ఆయనకు అర్థమై ఉండాలి. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. తమ్ముడు టెహ్రానులోనే, సైనికులుండే బారకాసుల్లో ఉన్నాడు. ఇరవై ఏళ్ల పిల్లాడు, చట్టం ప్రకారం సైన్యంలో చేరాల్సి వచ్చి చేరినవాడు. రాజు తిరిగి వస్తే, ఇప్పుడు పారిపోయినవాణ్ని కాల్చేస్తారు. రాజు రాకపోతే, బారకాసుల్లో మిగిలినవాణ్ని జనం వదలరు. లేదా జనం మీద తుపాకీ పేల్చమంటారు, ఆ జనంలో వాళ్ల వీధివాళ్లే ఉంటారు. శుక్రవారం తమ్ముడు ఇంటికి వస్తాడు, అప్పుడు ఫోను చెయ్యాలి. ఉండమనాలా, వెళ్లిపొమ్మనాలా?

"మీరు ఒక రాజ్యం పోవడం కళ్లారా చూశారు," అన్నాడు నాతో. "లోపల ఉన్నవాళ్లకు అది ఎలా తెలుస్తుంది?"

కత్తి నా నాలుక చివరిదాకా వచ్చింది, కెంపులతో సహా. కానీ ఆ పిల్లాడి ప్రాణం నా కత్తికి వేలాడుతోందని తెలిసి దాన్ని మింగేశాను.

"నేను చూడలేదు," అన్నాను. "అప్పుడు నేను వేరే ఊళ్లో ఉన్నాను. అదంతా కట్టుకథ."

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ నచ్చదు నాకు. అప్పటిదాకా ఉన్నది అనుమానం, ఇక నిర్ధారణ. లేచి వెళ్లబోయాడు. హైదరాబాదు మిత్రుడు చెయ్యి పట్టి ఆపాడు. నాన్న మాటలు ఇంగ్లీషులో చెప్పలేనని తెలుగులో నాతో చెప్పాడు, నేను ఇంగ్లీషులోకి మార్చాను. నా జన్మలో ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పింది అదొక్కటే.

"మా నాయిన నిజాం ఫౌజుల గోదాం కాడ గుమాస్తా. కత్తి లేదు, గుర్రం లేదు. ఒకరోజు పొద్దుగాల కెప్టెన్ సాబ్ వచ్చి బస్తాలు లారీల ఎక్కియ్యమన్నడు. రోజూ చెప్పి పోయేటోడు, వెనకకు చూసేటోడు కాదు. ఆ రోజు చెప్పి ఆడ్నే నిలబడ్డడు. ఎక్కిస్తున్నరా లేదా అని చూస్కుంట. మా నాయిన ఇంటికొచ్చి అమ్మతోని అన్నడు, ఇగ అయిపోయింది, చెప్పినోనికే నమ్మకం లేదు అని. అవతలి ఫౌజు వచ్చింది ఆ తర్వాతనే."

ఇరానీ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. "మా తమ్ముడి కల్నల్ ఇదివరకు బూతులు తిట్టేవాడట," అన్నాడు. "ఇప్పుడు భోంచేశారా అని అడుగుతున్నాడట. తమ్ముడు నవ్వుతూ చెప్పాడు పోయిన వారం."

మా ఆవిడ ఆయన ప్లేటులో ఇంకో ముక్క వేసింది.

రాజుకు తుపాకులు తక్కువై రాజ్యం పోలేదని నాకు ఆ భోజనాల బల్ల దగ్గర తెలిసింది. ఆయన తన సేనాపతుల్ని ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వలేదట, కుట్ర చేస్తారని భయం. ఒక్కొక్కరి మీద మరొకర్ని కాపలా పెట్టాడట. అలాంటి చోట నిజం ఎవరు చెబుతారు, ఎవరికి చెబుతారు? ఊరు తగలబడ్డ రోజున పక్కవాడు పేలుస్తాడో లేదో తెలియక ప్రతివాడూ పక్కవాడి ముఖం చూశాడు. ఆజ్ఞ ఇవ్వాల్సిన రాజు విమానం ఎక్కాడు. ముగ్గురం ఒక కారులో అన్ని నెలలు ఒకరినొకరు గూఢచారులనుకుని తిరిగాం, మేమేమీ రాజ్యం ఏలడం లేదు కాబట్టి సరిపోయింది.

శుక్రవారం పొద్దున్నే ఆయన గదికి వెళ్లాం. టెహ్రానులో అప్పుడు సాయంత్రం. లైను కలవడానికి చాలాసేపు పట్టింది. ఎవరైనా వింటారు కాబట్టి సూటిగా చెప్పడానికి లేదు. అమ్మ కళ్లు బాగా లేవు, పల్లెలో పెద్దమ్మ ఊరికి తీసుకెళ్లి వైద్యం చేయించు, ఆలస్యం చెయ్యకు అని చెప్పాడు. మళ్లీ చెప్పాడు. మూడోసారి ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"ఏమన్నాడు?" అన్నాను, అలవాటు పోదు కదా.

"అమ్మ కళ్లు బాగానే ఉన్నాయి, పేపరు కూడా చదువుతోంది అంటున్నాడు," అన్నాడు రిసీవరు మూసి. ఆయన కళ్లలో నీళ్లు. ఇంతలో అవతల ఫోను చేతులు మారింది. ఈసారి ఆయన ఎక్కువ మాట్లాడలేదు, వింటూ తల ఊపాడు. పెట్టేశాక చెప్పాడు. అమ్మ తీసుకుందట ఫోను. రేపటి నుంచి నాకు అసలు కళ్లు కనిపించవు, వీడు నా చెయ్యి వదిలితే ఎలా అందట.

ఫిబ్రవరిలో బారకాసులు జనం చేతిలోకి వెళ్లాయి. చాలా రోజులు ఫోను కలవలేదు. కారులో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు, నేను కూడా. ఆ తర్వాత ఒక పొద్దున ఆయన మెట్లు దిగి వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. పెద్దమ్మ ఊళ్లో క్షేమంగా ఉన్నారట ఇద్దరూ.

ఇక్కడితో ఆపేసేవాణ్ని పార్టీల్లో. ఆపకూడదు. ఏడాదిన్నర తర్వాత ఇరాక్‌తో యుద్ధం వచ్చింది. కొత్త ప్రభుత్వం మీద దేశంలో అప్పటికే బోలెడంత కోపం ఉంది, యుద్ధం రాగానే అది కూడా కూలుతుందని ఆఫీసు పండితులు లెక్కలు వేశారు. కూలలేదు. పైగా తమ్ముడు వెళ్లి సైన్యంలో చేరాడు. ఎవరూ పిలవక ముందే. రాజు బారకాసుల నుంచి అమ్మ చెయ్యి పట్టుకుని బయటపడ్డ పిల్లాడు.

ఇరానీ ఆ రోజు నా మీద విరుచుకుపడ్డాడు. "పారిపోవడానికి దారి చెప్పారు. వెళ్లకుండా ఆపడానికి ఏం చెప్పాలి? చెప్పండి, మీకు రాజులన్నీ తెలుసు కదా."

మలుపు తిరగాల్సిన చోట తిరగకుండా నేను కారు ముందుకు పోనిచ్చాను.

ఎనభై రెండులోనో మూడులోనో తమ్ముడు భుజంలో ఇనుప ముక్కతో ఇంటికి వచ్చాడు. ఆ వారం ఫోను కలిసింది, నేను ఆ గదిలోనే ఉన్నాను. ఇరానీ చాలాసేపు మాట్లాడి, రిసీవరు నా చేతిలో పెట్టాడు. "వాడు ఎందుకు వెళ్లాడో నాకు చెప్పడు. మీరు అడగండి. అడగడం మీకు వచ్చు."

అడిగాను. అవతల బడి ఇంగ్లీషు. సన్నటి గొంతు, పెద్దవాడిదిలా లేదు. "రాజు మా వీధిని కాల్చమన్నాడు," అన్నాడు. "ఈ కొత్తవాళ్లు మా వీధి ముందు నిలబడమన్నారు. నేను మా వీధి కోసం వెళ్లాను, అంకుల్."

ఆ మాటల మధ్య లైనులో టిక్కుమని చిన్న చప్పుడైంది. నేను విన్నాను. ఇరానీని అడిగితే అలాంటిదేమీ లేదన్నాడు. ఆ పిల్లాడు ఆ మాట మాకు చెప్పాడో, మధ్యలో వింటున్నవాడికి చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. భుజం నొప్పి ఎలా ఉంది, అన్నం ఎవరు కలిపి పెడుతున్నారు అని అడిగి ఫోను అన్నకిచ్చేశాను.