నిలువుల లోతు

తిమ్మరాయప్ప దబ్బనంతో కాగితాల కట్టకు కన్నాలు పొడుస్తున్నాడు. హోసూరులో ముప్పై ఏళ్లు లేతు మిషను మీద పనిచేసిన చేతులవి. ఒక్క కన్నం వెంట్రుకవాసి పక్కకు పోలేదు. దేశం అణుబాంబు చేసుకున్న చరిత్రను, ఆ పనిలో చెమటోడ్చిన కూలీల నోట విని రాయడమే ఇరవై రెండేళ్లుగా ఆయన వ్రతం. రాసింది వాళ్లకే చదివి వినిపించేవాడు. వద్దన్నది తీసేసేవాడు.

కట్ట తీసుకుపోవడానికి కృష్ణగిరి అచ్చాఫీసు నుంచి మీనా సాయంత్రం రావాలి. అంతలో కెలమంగలం అంజనప్ప మేడ మెట్లెక్కి వచ్చి గడపలో నిలబడ్డాడు. బావులు తవ్వే మనిషి. వయసులో ఎడారికి పోయి బాంబు పరీక్షకు గుంత తవ్వినవాడు.

"నా కాగితాలు ఇచ్చేయప్పా."

"ఏమైంది?"

"పోయిన నెల పత్రికకు ఒక పేజీ ఇచ్చినావే, అది పట్టుకొని సర్కారోళ్లు ఇద్దరొచ్చినారు. గుంత లోతు ఎవురు చెప్పినారంటారు. నేను నిలువుల్లో చెప్పినాను కదా, నువ్వు అడుగుల్లో ఏల రాసినావు?"

బావి పనివాళ్లు లోతును మనిషి నిలువుతో కొలుస్తారు. ఉజ్జాయింపు లెక్క తిమ్మరాయప్పకు గిట్టదు. అంజనప్పను గోడకు నిలబెట్టి, టేపుతో కొలిచి, గుణించి రాశాడు.

"చదివినప్పుడు విన్నావు కదప్పా?"

"విన్నాను. చదువుకున్నోడివి, సరిగ్గానే ఉంటాదనుకొన్నాను. నిలువులంటే ముసలోడి మాటని ఇడిసిపెట్టేటోళ్లు. ఇప్పుడు అడుగుల లెక్క అచ్చం సరిపోయిందని, ప్లాను దొంగిలించినానంటారు."

"యాడుండారు వాళ్లు?"

"కింద, టీ అంగడి కాడ. కాగితాలు తెస్తే ఇంటికి పోవచ్చునంట."

ఆ అధ్యాయం లేకపోతే పుస్తకంలో గుంతను కళ్లారా చూసిన మనిషే ఉండడు. తిమ్మరాయప్ప పదకొండు పేజీలు లెక్కపెట్టి ఇచ్చాడు.

"నా మాటలు రాసుకొన్న నోటుబుక్కు గూడా అడిగినారప్పా."

అదీ ఇచ్చి, కిటికీ దగ్గరికి పోయాడు. కింద అంజనప్ప కాగితాలు అందించాడు. ఒకడు వాటిని తిరగేసి, కారు వెనక తలుపు తెరిచాడు. అంజనప్ప ఒకసారి పైకి చూసి ఎక్కాడు. కారు కెలమంగలం దారి పట్టలేదు. సూళగిరి వైపు తిరిగింది.

తిమ్మరాయప్ప పదకొండు తెల్ల కాగితాలు తీసి అదే చోట పెట్టాడు. మొదటిదాని మీద అంజనప్ప పేరు, ఊరు, టైము, కారు నంబరు, అది పోయిన దిక్కు రాశాడు. ఇది ఆయన కళ్లారా చూసింది. ఎవరికీ చదివి వినిపించక్కర్లేదు. కింద తన పేరు, అడ్రసు రాసి, కన్నాలు పొడిచి, గట్టిగా కుట్టాడు.

మీనా వచ్చింది. కట్టను ఆమె చేతుల్లో పెట్టాడు.