ఎడమ పక్కన పడని కుట్టు

ఆ రోజు పొద్దున వేలూరు దగ్గర గుడియాత్తంలో షేర్ ఆటో దిగి మా కొట్టువైపు నడుస్తుంటే వెనకనుంచి డ్రైవరు కేక వేశాడు.

"అన్నా, ఒక చెప్పు యాడ?"

"రెండూ ఉండాయి కదప్పా" అన్నాను ఆగకుండా.

"ఒకటి నా బండిలో ఉండాది. ఒంటి చెప్పుతో యాడికి పోతావుండావు?" అని నవ్వుతూ దాన్ని తెచ్చి నా ఎడమకాలి ముందు పడేశాడు. నాకు ఆ చెప్పు కనబడలేదు. అతనే వంగి తొడిగాడు. పక్కనున్న ఎవరి కాలికో తొడుగుతున్నట్టు అనిపించింది. పొద్దున్నే నాతో ఆటలాడుతున్నాడని కోపం కూడా వచ్చింది.

మాది లుంగీలకు అంచులు కుట్టే చిన్న కొట్టు. నాకు యాభై దాటాయి. బీపీ ఉంది, మాత్ర ఒక రోజు వేసుకుంటే రెండు రోజులు మరిచేవాణ్ణి. ఆ రోజు మిషను ముందు కూర్చుంటే అంచు మీద పోవాల్సిన కుట్టు బట్ట నడుమకు పోతోంది. మిషను చెడిందనుకున్నాను. మధ్యాహ్నం నా భార్య వసంత క్యారియరు తీసుకుని వచ్చేదాకా అలాగే కుడుతూ ఉన్నాను.

ఆమె నా మొహం చూసి క్యారియరు కింద పెట్టేసింది. "మామా, మూతి వంకర పోయిండాది. ఎడమ చెయ్యి ఎత్తు." మా వైపు మొగుణ్ణి మామా అని పిలవడం మామూలే.

"ఎత్తినాను కదా" అన్నాను. ఎత్తాననే అనుకున్నాను. చెయ్యి మాత్రం ఒళ్లోనే పడి ఉందట.

కారు మాట్లాడి వేలూరులో ఆసుపత్రికి తీసుకుపోయారు. సీటీ స్కాన్, ఆ తర్వాత ఎంఆర్ఐ. డాక్టరు అరవంలో అడిగాడు, ఎప్పుడు మొదలైందని. "ఇప్పుడే" అన్నాను. వసంత అడ్డం వచ్చి ఆటో స్టాండులో విన్న చెప్పు సంగతి చెప్పింది. ఆయన గడియారం చూసుకున్నాడు. "తలలో కుడిపక్క క్లాట్. స్ట్రోక్ ఇది. కరిగించే ఇంజెక్షన్‌కు టైం దాటిపోయింది" అన్నాడు.

నాలుగో రోజో అయిదో రోజో, సరిగ్గా గుర్తులేదు, ఒక కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నారు. చక్కగా గీశాననుకుని ఇచ్చాను. డాక్టరు దాన్ని వసంతకు చూపించాడు. అంకెలన్నీ కుడి సగంలోనే ఇరుక్కున్నాయి, ఎడమ సగం ఖాళీ. నేను గీసింది అది కాదని వాదించాను.

"మీ కన్నుకు ఏమీ కాలేదు" అన్నాడాయన. "మెదడు ఎడమపక్కను లెక్కలోకి తీసుకోవడం లేదు. దీన్ని లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటారు."

ఇది ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. చీకటిగా ఉండదు. మసకగా కూడా ఉండదు. మీ వీపు వెనక ఉన్నది మీకు నల్లగా కనబడుతోందా? లేదు కదా, అసలు అక్కడ ఏదో ఉందనే తలంపే రాదు. నా ఎడమపక్క అలా వెనకకు పోయింది. లేనిది లేదని ఎలా తెలుస్తుంది? అందుకే నాకు ఏ జబ్బూ లేదని, అందరూ కలిసి నన్ను రోగిని చేస్తున్నారని నమ్మాను. మాట మాత్రం ఏమీ తడబడలేదు. కుడిపక్క దెబ్బ తగిలితే చాలామందికి మాట పోదట. ఆ తేట మాటే వసంతకు శత్రువయింది.

ఇంటికి వచ్చాక కాలు, చెయ్యి ఫిజియోథెరపీతో కొంచెం కొంచెంగా తేరుకున్నాయి. ఎడమపక్కకోసం ఆసుపత్రిలో వేరే తర్ఫీదు ఉండేది, రోజూ చేసే పనులతోనే. ఆక్యుపేషనల్ థెరపీ. గ్రేస్ అని ఒక అమ్మాయి, మన మాటే మాట్లాడుతుంది. "ఇంట్లో చేతిపని ఏదన్నా ఉండాదా అప్పా? ఈడ ఈ బొమ్మలు పేర్చేదానికంటే అది మేలు" అంది.

"నేను తాడుబుట్టలు కుడతానమ్మా" అంది వసంత.

కొట్లో మిగిలే లుంగీ గుడ్డను సన్నగా చించి, బట్టలారేసే నూలుతాడుకు చుట్టి, ఆ తాడును మురుకులాగా చుట్టలు తిప్పుతూ జిగ్‌జాగ్ మిషను మీద కుడుతుంది. అడుగు అరచేతంత అయ్యాక దాన్ని వంచి పట్టుకుని కుడితే గోడలు లేస్తాయి. అంతకుముందు నేను ఆ పనిని ఎగతాళి చేసేవాణ్ణి. "తాడుకు లుంగీ కడతావుండావా? సిగ్గుపడిందా అది?" అనేవాణ్ణి. ఆమె, "నీకంటే ఒద్దికగా ఉండాది" అనేది.

గ్రేస్ సరే అంది. ఆ కుట్టులో ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. కొత్తగా వచ్చే తాడు సూదికి కుడిపక్కన ఉంటుంది, అంతవరకూ కుట్టిన చుట్ట ఎడమపక్కన ఉంటుంది. సూది అటొక పోటు ఇటొక పోటు వేస్తూ రెంటినీ కలపాలి.

మొదటి బుట్ట అడుగు కుట్టి చేతిలోకి తీసుకున్నాను. విడిపోయి తాడు తాడుగా ఒళ్లో పడింది. మళ్లీ కుట్టాను. మళ్లీ పడింది. ఒక్కోసారి మాత్రం, పడుకుని లేచి చూస్తే బుట్ట గట్టిగా నిలిచి ఉండేది. నాకేమీ అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం కన్ను తెరిచేసరికి వసంత నా బుట్టను ఒళ్లో పెట్టుకుని కత్తెరతో దారం కోస్తోంది.

అంతే, తెలిసిపోయిందనుకున్నాను. "ఓహో, విప్పేది నువ్వేనా?"

"విప్పేదానికి నాకేమన్నా పిచ్చా మామా? సరిచేస్తావుండాను."

"నేను ముప్పై ఏండ్లుగా మిషను తొక్కినోణ్ణి. నాది నువ్వు సరిచేసేదేంది?"

అన్నం దగ్గరా ఇదే గొడవ. పళ్లెంలో సగమే పెడుతోందని అరిచేవాణ్ణి. ఆమె వచ్చి పళ్లెం తిప్పేది. తిప్పగానే అన్నం కనబడేది. అరిస్తేగాని మిగతాది పెట్టదని నేను తేల్చుకున్నాను. నా చేతనే తల తిప్పించాలని గ్రేస్ చెప్పిందట. నా అరుపులు పడలేక ఈమె పళ్లెం తిప్పేసేది.

మా అక్క కనకమ్మది కె.వి.కుప్పం. ఆమెకు ఫోన్ చేసి అన్నీ చెప్పుకున్నాను. అక్క వచ్చి నాతో గంటసేపు మాట్లాడి వసంతను నిలదీసింది. "ఇంత తేటగా మాట్లాడతావుండాడు. వానికి మతి సరిలేదంటావా?"

"మతి బాగానే ఉండాది వదినా. ఎడమపక్క లే."

"ఎడమపక్క లేకపోయేదేంది? నాకు కనబడతావుండాదే!"

ఆ తర్వాత అక్క మరిది కొడుకు పెండ్లికి కె.వి.కుప్పం పోయాం. పంక్తిలో కూర్చున్నాను. కుడిపక్కాయన ఆకులో వడ, అప్పడం, అరటిపండు ఉన్నాయి. నా ఆకులో లేవు. ఆకు కొన ఎడమకు వేస్తారు, వడ అప్పడం ఆ పక్కనే వడ్డిస్తారు. ఇవి నాకు తెలియనివి కావు. కాని ఆకుకు ఎడమపక్క అనేది ఒకటి ఉందని తోచలేదు.

"నాకు వడ వెయ్యలే!" అన్నాను గట్టిగా.

"వేసినాను కదయ్యా" అన్నాడు వడ్డించే అతను.

ఎదురు వరసలోంచి వసంత లేచి వచ్చింది. "మామా, ఈ పక్క చూడు" అంటూ, ఇంట్లో పళ్లెం తిప్పినట్టే, ఆకు కొన మీద చెయ్యి పెట్టింది. వెనకనుంచి ఎవరో పెద్దావిడ కసిరింది. "ఏం అమ్మా, పెండ్లి పందిట్లో ఆకు తిప్పుతావా? శుభమా అశుభమా?" వసంత చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి వెంబడి నా తల తిరిగింది. వడ కనబడింది.

"చూడండి! ఇప్పుడు తెచ్చి వేసింది!" అని నేను అరిచాను. "ఇంట్లోనూ ఇదే కథ. సగం కడుపుకే పెడతాది. నేను కుట్టిన బుట్టలు నేను పడుకుంటే విప్పతాది. నన్ను పనికిరానోణ్ణి చెయ్యాలని చూస్తావుండాది."

పక్కనున్నవాళ్లకు నిజం తెలుసు, తలలు దించుకున్నారు. దూరంగా ఉన్నవాళ్లు చూసింది ఆమె చెయ్యి నా ఆకు మీదికి వచ్చి వెనక్కి పోవడం, విన్నది నా మాట. అదే ఊళ్లకు పాకింది. వసంత తన ఆకు ముందు మళ్లీ కూర్చోలేదు. ఆ సాయంత్రమే వేలూరు సత్తువాచారిలో వాళ్ల తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది.

నన్ను చూసుకోవడానికి అక్క గుడియాత్తం వచ్చింది. మొదటిరోజే పళ్లెం నిండా పెట్టింది. "నువ్వు కూడా సగమే పెడతావా అక్కా?" అన్నాను. "ఒరే, పప్పు అట్లనే ఉండాదిరా, అన్నం అట్లనే ఉండాది..." నేను చూడలేదు, పళ్లెం తోసేశాను. అక్క ఏడ్చింది. తర్వాత పళ్లెం తిప్పి చూసింది. నేను తిన్నాను.

బుట్ట కూడా విడిపోతూనే ఉంది. ఇంట్లో వసంత లేదు. అక్కకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. మరి ఎవరు విప్పుతున్నారు? దారం మార్చాను, సూది మార్చాను. నాకు భయం వేసింది.

వేలూరులో రివ్యూకు అక్క వెంట పోయేటప్పుడు ఆ తాడును సంచిలో వేసుకుపోయాను. గ్రేస్ దాన్ని బల్లమీద పరిచింది. "కండ్లు మూసుకోండి అప్పా. కుడిచేతి వేలితో తడమండి."

తాడు పొడుగునా కుట్టు తగిలింది. గట్టి కుట్టు, నా చేతి కుట్టు. రెండు పోట్లూ ఆ ఒక్క తాడులోనే ఉన్నాయి. చుట్టతో కలవాల్సిన అంచును తడిమాను. నున్నగా ఉంది. ఒక్క పోటు కూడా దాన్ని తాకలేదు.

"ఎవరూ విప్పలే అప్పా. మీరు కుట్టనే లే."

మరి నిలిచిన బుట్టలు? నేను పడుకున్నప్పుడు నా ఉత్తకుట్టు కోసి ఆమె మళ్లీ కుట్టినవి. కత్తెరతో ఆమెను నేను చూసింది నిజమే. చూసినదానికి నేను కట్టిన అర్థం అబద్ధం.

అదే రోజు డాక్టరును అడిగాను. "పెండ్లిలో వసంతను నేను అన్న మాటలు జబ్బు అన్నవేనా సార్?" ఔనంటాడని ఆశ.

ఆయన ఔననలేదు. "కనబడకపోవడం జబ్బు. కనబడనిదానికి ఆమె కారణం అనుకున్నారు చూడండి, అది జబ్బో కాదో నేను చెప్పలేను." నేనూ ఇప్పటికీ చెప్పలేను. ఎన్నిసార్లు ఆలోచించినా అది ఎటూ తేలదు.

అట్నుంచి అటే సత్తువాచారి పోయాను. వసంత గుమ్మంలోనే నిలబడింది. తప్పయిందన్నాను.

"నాతో చెప్పేది సరే" అంది. "పంక్తిలో అన్న మాట నాతో ఒక్కదానితో తీరతాదా? ఆడ విన్నోళ్లకు ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తాను."

"చెప్పినాక చూస్తాం." కాని లోపలికి పోయి ఎర్రగుడ్డ ముక్క తెచ్చి, నా సంచిలోని విడిపోయిన తాడు చూసి అంది: "చుట్ట అంచుకు ఎప్పుడూ ఈ ఎర్రది తగిలించుకో. ఎర్రది కనబడేదాకా తల తిప్పు. కనబడకపోతే సూది దించద్దు."

అలాగే కుట్టాను. మొదట్లో ఎర్రది కనబడేసరికి మెడ పట్టేసేది. ఒక బుట్ట నిలిచింది. వంకరగా ఉంది, ఒక పక్కకు ఒరిగి ఉంది, కాని నిలిచింది. దాన్ని తీసుకుని అక్క వెంట కె.వి.కుప్పం పోయి, ఆ పెండ్లి ఇంటివాళ్ల ముందు జరిగింది చెప్పాను. ఆకు తిప్పవద్దని కసిరిన పెద్దావిడ బుట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "నేను ఆ పొద్దు నోరు మూసుకొనుంటే బాగుండునే" అంది. మిగతా బంధువులను ఒక్కొక్కరినీ కలవడం నాకు చేతకాలేదు. వాళ్లలో చాలామంది ఇది చదువుతారు. అందుకే రాస్తున్నాను. వసంత నాకు ఏ పూటా సగం పెట్టలేదు. నా బుట్టలు విప్పలేదు. ఆ వడ మొదటినుంచీ ఆకులోనే ఉంది.

ఆమె ఇంటికి వచ్చింది. పాత ఎగతాళి ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడు పళ్లెం ఆమె తిప్పదు, నేనే తిప్పుకుంటాను. మరిచిపోతే, "పళ్లెంలో ఆ పక్క ఇంకో ఊరు ఉండాది, చూసిరా" అంటుంది. రోడ్డు మీద ఒంటరిగా పోను. బీపీ మాత్ర మరవను. కొన్ని రోజులు ఎడమపక్క బాగా ఉంటుంది. అలిసిపోయిన రోజు మళ్లీ జారిపోతుంది, అది జారినట్టు నాకు మాత్రం తెలియదు.

వసంతకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు, అరవం చదువుతుంది. అందుకని ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. నడుమ ఆపింది. "మామా, మాటలు అతకతావుండలేదే. వరస మొదటినుంచి చదవతావుండావా?" కాగితం చూశాను. ప్రతి వరసలో ఎడమపక్క మాటలు వదిలేసి చదువుతున్నాను. ఆమె లేచి కాగితం ఎడమ అంచుకు ఎర్రగుడ్డ పేలిక ఒకటి అంటించింది. "ఊ, ఇప్పుడు చదువు. నా గురించి చెప్పింది ఒక్క మాట కూడా పోకూడదు." మళ్లీ మొదటినుంచి చదివాను.

మీ ఇంట్లో స్ట్రోక్ వచ్చినవాళ్లు అన్నం పెట్టలేదనో, వస్తువు దాచారనో ఎవరిమీదన్నా చెబితే, మాట తేటగా ఉందని నమ్మేయకండి. వాళ్లను తిట్టనూ వద్దు. ముందు ఆ పళ్లెం తిప్పి పెట్టి చూడండి.