ఓడ చూడని లష్కరు

మునగాల దగ్గరి తండాలో హర్యాను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. సాగర్ ఎడమ కాలువ మీద తూముల షట్టర్లు ఎత్తడం, దించడం అతని పని. అందరికీ లష్కరు. పదకొండేళ్లుగా దినకూలీయే. 1994లో పాతవాళ్లను పర్మనెంటు చేస్తారని కబురొచ్చింది. దరఖాస్తు చేతికిస్తూ గుమస్తా భయపెట్టాడు.

"ఫోటో అంటించి సోమవారం మిర్యాలగూడ ఆఫీసుకు రా. లష్కరంటే ఏం పనో సారు అడుగుతడు. సక్కగ చెప్పకుంటే పేరు కొట్టేస్తడు."

అక్కణ్నుంచి మొదలైంది పరేషాను. చేసే పని తెలుసు, ఆ మాటకు అర్థం తెలియదు.

ఫోటో దిగడానికి సూర్యాపేట పోతే, స్టూడియో పక్కన బట్టలు కుట్టే ముసలి సాయిబు అతని పని పేరు విని నవ్వాడు. "లష్కర్ అంటే ఫౌజు బేటా! నీ బందూకేది?"

హర్యా కోదాడలో రిటైరైన సారమ్మ టీచరు దగ్గరికి పరుగెత్తాడు. ఆమె లావుపాటి నిఘంటువు తెరిచింది.

"ఇందులో ఇంకోటుందయ్యా. ఓడల్లో పనిచేసే మన దేశపు కూలీ అని."

"ఓడనా?"

"అవును. మాట పుట్టింది ఫారసీలో, సైన్యమని అర్థం. పోర్చుగీసువాళ్ల నోట పడి, ఇంగ్లీషువాళ్ల ఓడెక్కింది. తాళ్లు లాగిందీ, బొగ్గు వేసిందీ మనవాళ్లే. తెల్లవాడితో సమానంగా జీతం మాత్రం ఇచ్చేవాళ్లు కాదు."

"జీతం ముచ్చటొక్కటే నాకు కలిసింది టీచరమ్మా."

నిజమే. ఓడలు పోయాయి, దొరలు పోయారు. తక్కువ కూలికి పెట్టిన పేరును మాత్రం మన సర్కారు పారేయలేదు, కాలువ గట్టు మీద కాపలా పెట్టింది.

ఇంటికొచ్చి చెబితే భార్య కమ్లి మూతి తిప్పింది. "మోకాలు దాటితే నీళ్లల్ల దిగవు. నువ్వు ఓడెక్కుతవా?"

"మరి పదకొండేండ్లు నేను చేసింది ఎవరి పనే?"

కమ్లి జొన్నరొట్టెలు మూటగట్టింది.

సోమవారం హర్యా మూడడుగుల ఇనుప హ్యాండిలు భుజాన వేసుకుని బస్సెక్కాడు. షట్టరు తిప్పేది దానితోనే. ఇంట్లో వదిలితే పై తూము కింది పెద్ద రైతులు పట్టుకుపోయి నీళ్లన్నీ మళ్లించుకుంటారు. కాలువ చివరి పేదల మళ్లు నెర్రెలు బారతాయి. ఒకసారి అలాగే అయింది. అప్పట్నుంచి పెళ్లికి పోయినా అది భుజం మీదే.

ఆఫీసు గుమ్మంలో అటెండరు అడ్డుపడ్డాడు. "రాడ్డు పట్టుకొని లోపలికా? గాడ మూలకు పెట్టు."

మూలన బెంచీ మీద, నీళ్ల కోసం అర్జీ పట్టుకుని పై తూము రైతే కూర్చున్నాడు. "ఇటియ్యి లష్కరూ, నేను పట్టుకుంటలే," అని చెయ్యి చాపాడు.

హర్యా వెనక్కి జరిగాడు. లోపల్నుంచి పేరు పిలిచారు. అతను కదల్లేదు. మళ్లీ పిలిచారు. పోతే నీళ్లు పోతాయి, పోకుంటే నౌకరీ పోతుంది. మూడోసారి ఆఫీసరే బయటికొచ్చాడు.

"పిలిస్తే రావేమయ్యా? లష్కరంటే ఏం పనో చెప్పు."

"ఫౌజంటరు సారూ. ఓడంటరు. నాకేం సమజైతలేదు. నేను లోపలికొస్తే ఇది ఈయన చేతులకు పోతది. గదొక్కటే ఎరుక."

ఆఫీసరు రైతు వైపు చూశాడు. రైతు బీడీ వెతుక్కున్నాడు. ఆఫీసరు ఇంగ్లీషులో ఏదో రాసుకుని లోపలికి పోయాడు. మంచో చెడో తెలియక హర్యా సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు.

నాలుగు నెలలకు కాగితం వచ్చింది. సారమ్మ చదివింది. "పర్మనెంటేనయ్యా!"

"ఏ పనికి టీచరమ్మా?"

"లష్కరనే ఉంది."

"ఓడదా, కాల్వదా?"

"అది రాయలేదు."

హర్యా కాసేపు కాగితాన్ని తిరగేసి చూశాడు. మడిచి జేబులో పెట్టుకుని హ్యాండిలు భుజానికెత్తాడు. ఆ పూట నీళ్ల వంతు చివరి మళ్లది.