గేజ్ లేని బెలూన్

మనిషి ఎంతవరకు తెగిస్తాడో చూడటానికి మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టుకు ఒక వీఆర్ ఆట తయారుచేసింది. హెడ్‌సెట్ పెట్టుకుని బెలూన్‌లోకి గాలి కొట్టాలి. ఎన్నిసార్లు కొడితే అన్ని పాయింట్లు, పగిలితే సున్నా. ఈ సాయంత్రం కోయంబత్తూరు దగ్గర తుడియలూరులో పంపుల వర్క్‌షాపు నడిపే మా అన్నను కూర్చోబెట్టింది. ఆయన ఒక్కసారి కూడా కొట్టలేదు.

“ఆటే గదా మామా, పగిలితే పగలనీ!” అంది అమ్మాయి.

“గేజ్ యాడ కణ్ణూ? ప్రెజర్ తెలీకుండా ఎట్ల కొట్టేది?” అన్నాడు అన్న.

“అస్సలు తెగించడు” అని అమ్మాయి రాసుకుంది. కాసేపటికి ఇంటికి బయలుదేరిన అన్న హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించి, రాంగ్ రూట్‌లో బండి తిప్పాడు. అమ్మాయి పరుగెత్తి ఆపి, హెల్మెట్ పెట్టించి పంపింది. తిరిగొచ్చి, రాసింది కొట్టేసి, పెన్ను పట్టుకుని ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

మీరైతే ఏం రాస్తారు?