వసారాలో మంచం

దయానందం చేతులు కొత్త నవారును లాగి బిగిస్తున్నాయి. ముడిమ్యాల ఊళ్లో మంచాలు అల్లే అతను పని సాగుతున్నంతసేపూ మాట్లాడడు. పట్టీ బిగువును బొటనవేలితో నొక్కి చూసుకుంటాడు. ఈ మంచం అతనిదే. ఏడాదిపాటు దీన్ని వసారాలో వేసుకుని ఒంటరిగా పడుకున్నాడు. నడుం నొప్పి అని భార్య ప్రేమమ్మకు చెప్పాడు. నిజానికి అతని పురుషాంగం గట్టిపడినప్పుడల్లా ఒక పక్కకు వంగి నొప్పి పెట్టేది, లోపల చిన్న గడ్డ తగిలేది. క్యాన్సరే అనుకున్నాడు. నిన్న చేవెళ్ల దవాఖానలో డాక్టరు పరీక్షించి, "దీన్ని పెరోనీ జబ్బంటరు. లోపలి పొర మచ్చకట్టి గట్టిపడ్డది. క్యాన్సర్ కాదు, అంటుకోదు. నొప్పికి మందులిస్త. వంపు పెరుగుడు ఆగినంక, అవసరమైతే ఇంజెక్షన్లున్నయి, ఆపరేషన్ ఉన్నది" అన్నాడు. ఇంటికొచ్చి దయానందం అంతా చెప్పేశాడు. ప్రేమమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "గింతేనా? ఇంకెవతెనన్న మరిగినవేమోనని నేను ఫికర్ పడి సస్తున్న. జర నోరు తెరిస్తే ఏం పోయె!" అని తిట్టింది.

నేత పూర్తయింది. జన్వాడ ఫాంహౌస్‌లో కాపలా ఉండే ఎలీషా మంచం కొనుక్కుని ఆటోలోకి ఎక్కిస్తూ, "నీ మంచం నాకిస్తే, నువ్వెక్కడ పండుకుంటవన్న?" అన్నాడు.

"ఇంట్లనే" అంటూ దయానందం రెండో కొస ఎత్తి అందించాడు.