నా వేలిముద్రలు నేనే చెరుపుకున్న వైనం

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు కోతలు కోసే జబ్బుంది. మందులిచ్చే ఉద్యోగంలో ఉండి కూడా దానికి మందు దొరకలేదు. కనక కింద కనిపించే అంకెల్ని సగానికి తగ్గించి చదువుకోండి.

ఆ రోజుల్లో మా సీతంపేట కొండల మీంచి ఫార్మసీ చదువుకి దిగినవాడికి గిరిజన ఉపకారవేతనమే ఊపిరి. అది ఏడాదికోసారి చచ్చిపోయేది, మళ్లీ వేలిముద్ర వేస్తేగాని లేచేది కాదు. ఆఖరి ఏడాది వేసవిలో అమ్మతో కలిసి జీడిపిక్కలు వలిచాను. సొన అంటి వేళ్లన్నీ పెనం అడుగులా నల్లబడ్డాయి. ఆ చేతులతో కాలేజీ ప్రయోగశాలలో నిలబడాలంటే సిగ్గేసింది. మందుల శాస్త్రం చదువుతున్న మేధావిని కదా! సాలిసిలిక్ ఆసిడ్ ధారాళంగా వేసి నేనే ఒక లేపనం నూరి (అందులో వాజలీను కంటే గర్వం పాలే ఎక్కువ) వారం రోజులు పట్టించాను. నలుపు పోయింది. దాంతోపాటు చర్మం, చర్మంతోపాటు గీతలూ పోయాయి. వేళ్లు పెంకు తీసిన గుడ్లలా మెరిశాయి.

గడువుకి ఆఖరి రోజు. తల్లి వేలిముద్ర కూడా కావాలంటే అమ్మ కొండ దిగి, ఏడు బస్సులు మారి, అరసవల్లిలో మీసేవకి వచ్చింది. సాయంత్రంలోగా పని కాకపోతే ఫీజు కట్టే దిక్కులేదు, నేను తిరిగి జీడితోటకే. ముప్పయ్యేళ్లుగా పిక్కలు వలిచిన అమ్మ వేలు మొదటిసారికే పడింది. నాది పడలేదు. తుడిచాను, ఊదాను, నెత్తికి రాశాను, నూట ఎనిమిదిసార్లు నొక్కాను. నా వెనక వరుస నరసన్నపేట దాకా సాగింది.

"ఏటల్లుడూ, ఈ ఏలు నీదేనా, అద్దెకి తెచ్చినావా?" అన్నాడు కంప్యూటరు ముందున్న ఆపరేటరు, పిలుపు వరసకి మావ, ఆవలిస్తూ.

"మందు రాసుకున్నాను మావా."

"మందుల సదువు సదువుతున్నోడివి, సీసా మీద రాసింది సదవనేదేటి?"

"సీసా కూడా నాదే మావా."

అమ్మ అందుకుంది. "ఓరి నా కొడకా! సదువుకోమని పంపితే ఉన్న ముద్ర సెరుపుకోనొచ్చినావా? నీకన్నా మన మేక నయం, గుర్తుకి సెవికోతైనా ఉన్నాది!"

వరుసంతా నవ్వింది. నవ్వే ఓపిక లేనిది అమ్మకీ నాకే.

మావ షట్టరు సగం దించి, "మిగతా ఏళ్లు కూడా ఎట్టీ, నా పేనం కూడా ఒదిలిపోద్ది" అన్నాడు. ఒక్కోటీ పెట్టాను. తొమ్మిదీ తప్పాయి. మిగిలింది ఎడమ చిటికెన వేలు. లేపనం దాని దాకా సరిపోలేదు, ఇంకా నల్లగానే ఉంది. పెట్టాను. పచ్చగుర్తు వెలిగింది. ఎవరమూ గంతులెయ్యలేదు. మావ కంప్యూటరు ఆర్పేసి, "ఎల్లండమ్మా, బస్సెల్లిపోద్ది" అన్నాడు.

ఇప్పుడు ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చుని, ఆనాటి మేధావిని తలుచుకుని నవ్వుకుంటూ ఉంటాను. ఇందులో నేను కల్పించింది బస్సుల లెక్కా, వరుస పొడుగూ కాదు. అవి ఊరికే సాగదీశాను. కల్పించింది అమ్మ తిట్లు. తిట్టుంటే తేలిగ్గా ఉండేది. ఆవిడ బస్టాండుకి నడుస్తూ నా బొటనవేలిని తన నల్లటి అరచేతిలో పెట్టుకుని, "మండతన్నాదా?" అనడిగింది.

లేదన్నాను. అదీ కోతే.