రాజుగారి తోటలో గొడుగు

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజుల్లో, జగదల్‌పూర్‌లో రాజుగారి కోట చూడ్డానికి నేను కొత్త కిర్రుచెప్పులు వేసుకుని వెళ్ళాను. అడుగు వేస్తే చాలు, కిర్రుమనేవి. ఆ చప్పుడు నలుగురికీ వినబడాలని పనిలేకపోయినా అటూ ఇటూ తిరిగేవాణ్ణి. కొత్తగా పెళ్ళయిన మగవాడికి అంతకంటే పెద్ద పనులేముంటాయి?

మేం జగదల్‌పూర్ వెళ్ళింది నిజానికి కోట కోసం కాదు. తెలుగు సరిహద్దున కోంట దగ్గర మా ఊళ్ళో నా భార్యకు చలిజ్వరం పట్టుకుని వదల్లేదు. లారీలో తీసుకొచ్చి ఆసుపత్రిలో ఉంచితే తగ్గింది. పంపించేటప్పుడు డాక్టరు ఒకటే మాట చెప్పాడు: ఈమె వానలో తడవకూడదు, జ్వరం తిరగబెడితే తట్టుకోలేదు. నేను గంభీరంగా తలూపి, బజారుకెళ్ళి నల్లగొడుగు కొన్నాను. లారీ సాయంత్రానికి గానీ కదలదు. ఈలోగా చెరువు పక్కన రాజుగారి తోట చూస్తానందామె. మంచం దిగాక ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది.

కోట వాకిట్లోనే దంతేశ్వరి అమ్మవారి గుడి. గుడికైనా, దాని వెనక తోటకైనా, ఎవరైనా సరే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాల్సిందే. అక్కడ చెప్పుల గుట్ట చూసేసరికి నా ప్రాణం కొట్టుకుంది. నావి ఎవరైనా తొడుక్కుపోతే? ఆమె కళ్ళు మూసుకుని అమ్మవారికి దండం పెట్టుకుంటుంటే, చెప్పులు రెండూ మూసిన గొడుగులోకి తోసి పైన తాడు బిగించాను.

తోట నిజంగా బాగుంది. ఎర్రకంకర బాటలు, వాటి పక్కన గులాబీ మళ్ళు, చివర్న మెట్లు దిగితే చెరువు. కోట నీడ నీళ్ళలో కదులుతుంటే ఆమె మెట్టు మీద కూచుని లేవనంది. మా సరిహద్దు ఊళ్ళ రైతులు కొందరు తాటాకు గిడుగులు నెత్తిన పెట్టుకుని అక్కడే తిరుగుతున్నారు. ఇంతలో వాన మొదలైంది.

"వాన పడుతుంటె గొడుగు ఇప్పవేందయ్యా?" అందామె.

ఇప్పితే నా చెప్పులు అమ్మవారి పూజకు పూలిచ్చే తోటలో పడతాయి. కోట కాపలావాడు అల్లంత దూరంలోనే ఉన్నాడు.

"ఇప్పకూడదు. కోట ముంగట గొడుగు పట్టేది రాజావారొక్కరే," అన్నాను.

అప్పటికప్పుడు పుట్టించిన మాటే అయినా గొంతులో అధికారం బాగా పలికింది. పక్కనున్న పెద్దాయన "అట్లనా" అని గిడుగు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన్ను చూసి మిగతావాళ్ళూ తీశారు. దివాన్‌గారి హుకుం కూడా అంత త్వరగా అమలై ఉండదు. అందరూ నా మాట మీద గౌరవంగా తడుస్తున్నారు.

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. కాసేపటికి పళ్ళు టకటకలాడడం వినబడింది. అప్పుడు భయమేసింది. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చని తాడు లాగి గొడుగు ఇప్పాను.

చెప్పులు రెండూ దబ్బుమని బాట మీద పడ్డాయి. కాపలావాడు అక్కడి హల్బీ భాషలో తిట్టాడు. ఆ తిట్లు అర్థం కావడానికి హల్బీ రానక్కర్లేదు. పెద్దాయన చెప్పుల్ని చూశాడు, నన్ను చూశాడు, గిడుగు మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

"తమరి చెప్పులకు తడి తగల్లేదు గదా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

ఆమె చెప్పులు కొంగులో చుట్టుకుని, వాకిలి దాటాక తన కాళ్ళకే తొడుక్కుంది. లారీ దాకా కిర్రుమంటూ ఆమె ముందు నడిచింది, వట్టి కాళ్ళతో గొడుగు పట్టుకుని నేను వెనక నడిచాను. చూసినవాళ్ళు నన్ను జీతగాడే అనుకుని ఉంటారు.

ఇంటికొచ్చాక నాకు కాలు నిలవలేదు. పొలం నుంచి మధ్యమధ్య పరుగెత్తుకొచ్చి ఆమె నుదురు ముట్టి చూసేవాణ్ణి. జ్వరం రాలేదు. కొన్నాళ్ళకు ఆమెకు విసుగొచ్చింది.

"ఇప్పుడు ఊకె ముడతవేంది? తోటల నేను వణుకుతుంటె నీ కండ్లు గొడుగు మీదనే ఉన్నయ్," అంది.

సిగ్గుతో చెయ్యి తీసేశాను. తర్వాత ఆమే నా చెయ్యి పట్టుకుని మళ్ళీ నుదుటి మీద పెట్టుకుంది.